తంజావూరా, మదురైయా? పూర్వీకుల ఊరు చూడాలంటే ఏది మేలు?

మేం తమిళనాట పుట్టి పెరిగిన తెలుగువాళ్ళం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. "మనవాళ్ళు నాయకరాజుల కాలంలో ఇటు వచ్చారు" అని ప్రతి పెళ్ళిలోనూ ఎవరో ఒకరు అంటారు. విజయనగర రాజుల తరఫున వచ్చి, తర్వాత ఇక్కడే రాజ్యాలేలిన తెలుగువాళ్ళే ఈ నాయకరాజులు. ఏ ఊరికి వచ్చారంటే మాత్రం సగం మంది తంజావూరంటారు, సగం మంది మదురై అంటారు. మొన్న దసరా సెలవుల్లో అమ్మనీ పిల్లలిద్దరినీ తీసుకుని రెండూ చూసొచ్చాను. అప్పటినుంచీ చుట్టాలందరిదీ ఒకటే ప్రశ్న: మాకు రెండు రోజులే సెలవుంది, ఎటు వెళ్ళమంటావు?

కట్టడాలే చూడాలనుకుంటే మదురైదే పైచేయి. 1636లో కట్టిన తిరుమల నాయక మహల్‌లో ఇప్పుడు మిగిలింది పావు వంతేనంటారు. ఆ పావు వంతు చూసే పిల్లలు నోరు తెరిచారు. నేనూ వాళ్ళిద్దరూ కలిసి ఒక స్తంభం చుట్టూ చేతులు చాపితే, ఇంకా జానెడు తక్కువైంది. మీనాక్షి అమ్మవారి గుడికి తూర్పున పుదుమండపం స్తంభాల మీద నాయకరాజుల నిలువెత్తు విగ్రహాలున్నాయి. రాణి మంగమ్మ మహల్ ఇప్పుడు గాంధీ మ్యూజియం. అమ్మవారి దర్శనం సంగతి చెప్పక్కర్లేదు. కాకపోతే మేం వెళ్ళింది ఆదివారం. క్యూలోనే రెండు గంటలు పోయాయి, అమ్మకి మోకాళ్ళు పట్టేశాయి. ఫోన్లు లోపలికి రానివ్వరు కాబట్టి గుంపులో ఒకళ్ళనొకళ్ళు తప్పిపోకుండా చూసుకోవడమే పెద్ద టెన్షన్.

మహల్‌లో తిరుగుతుండగా మా అమ్మాయి అడిగింది: "ఈ రాజులు మనలాగే తెలుగు మాట్లాడేవాళ్ళని నీకెలా తెలుసు?" విన్నానని చెప్పాను గానీ, ఇదిగో చూడు అని చూపించడానికి అక్కడ నాకేమీ దొరకలేదు. సౌండ్ అండ్ లైట్ షో కూడా తమిళంలో, ఇంగ్లీషులో.

నా మటుకు నాకు ఏ ఊరన్నది తేల్చేసింది ఆ ప్రశ్నే. పిల్లలు తమ పూర్వీకుల ఊరు చూస్తున్నప్పుడు, ఇంట్లో మాట్లాడే మాట ఒక్కటైనా అక్కడ కనబడాలి, వినబడాలి. తంజావూరులో మాకు ఆ రెండూ జరిగాయి.

కోట లోపల సరస్వతీ మహల్ (రాజుల నాటి గ్రంథాలయం) మ్యూజియం చిన్నదే. అరగంటలో చూసి బయటపడొచ్చు, మాకు గంటన్నర పట్టింది. ఒక గాజు పెట్టెలో తాళపత్రం. పెసరగింజంత అక్షరాలు, పదానికీ పదానికీ మధ్య ఖాళీ లేదు. అమ్మ కళ్ళజోడు సర్దుకుని, అద్దం మీద వేలు జరుపుతూ "ఇది 'ర', ఇది 'ఘు'" అని మనవరాలికి చూపించింది. చెన్నైలో చదివే ఆ పిల్లకి తెలుగు మాటలొచ్చు, అక్షరాలు రావు. మిగతా గదులన్నీ వదిలేసి అక్కడే నిలబడిపోయింది.

1532లో మొదలైన తంజావూరు నాయకుల పాలన 1673లో మదురై చొక్కనాథ నాయకుడి సైన్యం చేతిలోనే ముగిసింది. తెలుగు రాజుని తెలుగు రాజే పడగొట్టాడు. కొద్దికాలానికి మరాఠాలు వచ్చారు. వాళ్ళ రాజు శహాజీ కూడా తెలుగులోనే యక్షగానాలు రాశాడు. రాజులు మారినా ఆ కొలువులో తెలుగు నిలిచిందంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

రెండో రోజు పొద్దున్నే 13 కిలోమీటర్ల దూరంలోని తిరువయ్యారు వెళ్ళాం. కావేరి ఒడ్డున త్యాగరాజస్వామి సమాధి. ఆయన పూర్వీకులదీ మన ఆంధ్రలోని కాకర్ల. అమ్మ మెల్లగా ఒక కీర్తన అందుకుంది. మూడేళ్ళుగా సంగీతం క్లాసుకి వెళ్తున్న మా అమ్మాయి ఉన్నట్టుండి "అవ్వా, ఇది తెలుగే! నేను సంస్కృతం అనుకున్నా" అంది. నాకు మాట రాలేదు.

పెద్దవాళ్ళతో తిరగడానికి కూడా తంజావూరే సులువు. పెద్ద గుడికి (బృహదీశ్వరాలయం) పొద్దున ఆరున్నరకల్లా వెళ్ళండి, ఎండెక్కితే ఆ రాళ్ళ మీద వట్టి కాళ్ళతో నడవలేం. ఆ పెద్ద నంది నాయకుల కాలం నాటిదని పిల్లలకి చెప్పడం మరవకండి. మధ్యాహ్నం గుడి మూసే వేళకి కోటలోకి వెళ్తే సరిపోతుంది. చెన్నై నుంచి రాత్రి ఉళవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి తంజావూరు.

మొక్కులుంటే, లేదా కులదైవం అటువైపే ఉంటే మదురై వెళ్ళండి. వారం మధ్యలో వెళ్ళండి. తిరుచ్చి, సెంజి (జింజీ కోట) కూడా అడుగుతున్నారు. రెండు చోట్లా మెట్లు చాలా ఎక్కాలి, పెద్దవాళ్ళతో వద్దు.

తంజావూరులో ఒక్కటి మిగిలిపోయింది. దగ్గర్లోని మేలట్టూరులో నరసింహ జయంతికి రాత్రంతా భాగవతమేళ నాటకాలు ఆడతారు, తెలుగులోనే. స్త్రీ పాత్రలు కూడా మగవాళ్ళే వేస్తారు. అమ్మ అప్పుడే పంచాంగం తెరిచి తేదీ చూసిపెట్టింది, టికెట్లు నలుగురికీ కలిపి ఒకే బోగీలో చెయ్యమంటోంది.