కాన్పులో దెబ్బతిన్న చెయ్యి, వినియోగదారుల కమిషన్: ఏళ్లు తిరిగాక నా సమీక్ష

ప్రైవేటు ఆసుపత్రిలో కాన్పప్పుడు బిడ్డకు దెబ్బ తగిలితే పరిహారం కోసం ఎక్కడికి వెళ్లాలని ఎవరైనా అడిగితే, నేను జిల్లా వినియోగదారుల కమిషన్ పేరే చెబుతాను. అందరూ ఇంకా ఫోరం అనే పిలుస్తారు. కానీ అక్కడ వచ్చే డబ్బుతో బిడ్డకు వైద్యం చేయిద్దామని ఉంటే ఆ ఆశ వదులుకోండి. ఆర్డర్ చేతికొచ్చేసరికి వైద్యానికి అసలైన కాలం దాటిపోతుంది.

మా బాబు 2021లో పుట్టాడు, 4.3 కిలోలు. తల వచ్చాక భుజం ఇరుక్కుంది. బయటికి లాగడంలో మెడ దగ్గరి నరాలు దెబ్బతిని కుడి చెయ్యి వేలాడిపోయింది. ఎర్బ్స్ పాల్సీ అన్నారు. ఇలాంటి పిల్లల్లో చాలామందికి ఫిజియోథెరపీతోనే తగ్గుతుందట. మావాడికి తగ్గలేదు. అలాంటప్పుడు నరాల ఆపరేషన్ సాధారణంగా మూడు నుంచి తొమ్మిది నెలల వయసులోపు చేస్తారు. అప్పు తెచ్చి హైదరాబాద్‌లో చేయించాం. కేసు వేసింది ఆ తర్వాతే, 2022లో.

అప్పటికే తలో మాటా చెప్పారు. పోలీస్ కేసు పెట్టమన్నవాళ్లున్నారు. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు డాక్టర్‌పై క్రిమినల్ కేసు నిలబడాలంటే ఘోరమైన నిర్లక్ష్యం కనిపించాలంది, దానికి మరో డాక్టర్ అభిప్రాయం కూడా ఉండాలంది. ఆ కేసు గెలిచినా మన బిడ్డ ఫిజియోథెరపీ ఖర్చు రాదు. మెడికల్ కౌన్సిల్‌కు వెళ్తే డాక్టర్ మీద చర్య ఉండొచ్చు, పరిహారం ఉండదు. ఇక పెద్దమనుషుల ద్వారా ఆసుపత్రివాళ్లు కబురు పంపారు: బిల్లు వాపసు ఇస్తాం, ఒక కాగితం మీద సంతకం పెట్టండి అని. ఆ కాగితంలో 'ఇకపై ఎలాంటి క్లెయిమ్ లేదు' అనే వాక్యం ఉంది. మా ఆవిడ చదివి, కాగితం అక్కడే వాళ్లకు తిరిగిచ్చేసింది.

కమిషన్‌లో నాకు నచ్చింది ఖర్చు. 2019 చట్టం వచ్చాక ఏ కమిషన్‌కు వెళ్లాలన్నది మనం అడిగే పరిహారాన్ని బట్టి కాకుండా, ఆసుపత్రికి కట్టిన డబ్బును బట్టి తేలుతుంది. అది 50 లక్షలలోపైతే జిల్లా కమిషనే. కాన్పు బిల్లు ఎంతయినా అంత ఉండదు కాబట్టి కోటి అడిగినా సొంత జిల్లాలోనే వేసుకోవచ్చు. కట్టింది 5 లక్షలలోపైతే ఫీజు కూడా లేదు. లాయర్ లేకుండా మనమే వాదించుకోవచ్చు కానీ వైద్యం కేసులో నేను ఆ సలహా ఇవ్వను. గడువు రెండేళ్లు. అందరికీ పూర్తి ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వ ఆసుపత్రులు ఈ చట్టం కిందికి రావని 1995 నాటి శాంత కేసు తీర్పు చెబుతుంది. అక్కడ కాన్పు జరిగినవాళ్లకు సివిల్ కోర్టో, హైకోర్టో దిక్కు.

అన్నిటికంటే ముఖ్యమైంది కేస్ షీట్. డిశ్చార్జ్ సమ్మరీ కాదు, మొత్తం కేస్ షీట్: నర్సుల నోట్సు, పార్టోగ్రాఫ్ (నొప్పులు, కాన్పు ఎలా సాగుతున్నాయో గంటగంటకూ రాసే చార్టు), బిడ్డ గుండె చప్పుడు నమోదు చేసిన గ్రాఫు, పిల్లల డాక్టర్ రాసింది, అన్నీ. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. మమ్మల్ని 'రికార్డుల ఆయన సెలవులో ఉన్నాడు' అని తిప్పారు. రాతపూర్వకంగా అడిగి, రిజిస్టర్డ్ పోస్టు రసీదు దాచుకున్నాక గానీ కదల్లేదు. చేతికొచ్చిన కాగితాల్లో పార్టోగ్రాఫ్ పేజీ ఖాళీ. తల వచ్చిన ఎంతసేపటికి ఒళ్లు వచ్చింది, భుజం విడిపించడానికి ఏమేం చేశారు అన్న ముక్క ఎక్కడా లేదు. తల్లికి షుగర్ ఉంటే బిడ్డ పెద్దదవ్వొచ్చు; కాన్పుకు నెలల ముందే స్కానింగ్‌లో బిడ్డ పెద్దదని వచ్చినా గర్భిణికి చేసే షుగర్ పరీక్ష చేసిన ఆనవాలు లేదు.

మా కేసు నిలబడింది ఈ ఖాళీల మీదే. 'భుజం ఇరుక్కోవడం ముందుగా ఊహించలేం' అని ఆసుపత్రివాళ్లు కౌంటర్ (రాతపూర్వక జవాబు) వేశారు. నిజానికి ఆ మాటలో తప్పు లేదు, చాలాసార్లు ఊహించలేరు. మా లాయర్ దాంతో గొడవ పెట్టుకోలేదు. ఇరుక్కున్నాక ఏం చేశారో రాయలేదేం అని మాత్రమే పట్టుకున్నాడు. 2009లో నిమ్స్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది: బాధితుడు మొదటి ఆధారం చూపిస్తే, జాగ్రత్త తీసుకున్నామని నిరూపించుకోవాల్సింది ఆసుపత్రి. ఆ కేసులో కోటి రూపాయలు ఇప్పించింది కూడా. ఇక ప్రతి కేసులోనూ నిపుణుడి అభిప్రాయం తప్పనిసరి కాదని 2010లో కిషన్ రావు కేసులో తేల్చింది, అదీ హైదరాబాద్ కేసే. అయినా మేం ఒక సీనియర్ గైనకాలజిస్ట్ రాతపూర్వక అభిప్రాయం తెచ్చాం. ఊళ్లో ఎవరూ ఇవ్వరు, రేపు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోవాలి కదా. వేరే రాష్ట్రం డాక్టర్‌ను వెతుక్కోవాల్సి వచ్చింది.

ఇక చిరాకు పెట్టింది వాయిదాలు. మూడు నెలల్లో, పరీక్షలు అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టంలో రాసుంది. చదివినప్పుడల్లా మేమిద్దరం నవ్వుకునేవాళ్లం. కోరం లేదని, అంటే విచారణకు కావలసినంత మంది సభ్యులు రాలేదని ఒకసారి, డాక్టర్ ఇన్సూరెన్స్ కంపెనీని పార్టీగా చేర్చాలని ఇంకోసారి. ఆర్డర్ 2025లో వచ్చింది. అడిగినదాంట్లో సగం కూడా ఇవ్వలేదు, అయితే నిర్లక్ష్యం జరిగిందని స్పష్టంగా రాశారు. మానసిక క్షోభకు తల్లిదండ్రులకు విడిగా ఇచ్చారు. బిడ్డతోపాటు అమ్మానాన్నలూ వినియోగదారులేనని 1998 నుంచి సుప్రీంకోర్టు తీర్పు ఉంది.

పరిహారం తగ్గడానికి కారణం మాకు ఆర్డర్‌లోనే కనబడింది. అయిన ఖర్చుకు బిల్లులున్నాయి, ముందు ముందు అయ్యేదానికి కాగితం లేదు. 2015లో చెన్నై కేసులో, నెలలు నిండకుండా పుట్టి చూపు పోయిన పాపకు సుప్రీంకోర్టు దాదాపు 1.8 కోట్లు ఇప్పించినప్పుడు భవిష్యత్తు వైద్యాన్ని, పెరిగే ధరలను కూడా లెక్కగట్టింది. కాబట్టి ఫిజియోథెరపిస్ట్ దగ్గర, సర్జన్ దగ్గర ఇకపై ఏటా ఏం కావాలో అంచనా రాయించుకుని మొదట్లోనే ఫైల్లో పెట్టండి. వికలాంగ ధ్రువపత్రం కూడా ముందే తీసుకోండి.

ఇప్పుడు ఆసుపత్రి రాష్ట్ర కమిషన్‌లో అప్పీల్ చేసింది. అప్పీల్‌కు వెళ్లాలంటే ఆర్డర్ మొత్తంలో సగం డిపాజిట్ చేయాల్సిందే, అదొక్కటీ మాకు ఊరట. బాబు వాటా డబ్బు వాడికి 18 ఏళ్లు వచ్చేదాకా జాతీయ బ్యాంకులో ఎఫ్‌డీ వేయాలని, వడ్డీ మాత్రం వాడి వైద్యానికి మేం తీసుకోవచ్చని జిల్లా కమిషన్ రాసింది. అప్పిచ్చిన మా బావమరిదికి ఈ ఎఫ్‌డీ సంగతి చెబితే వాడికి మింగుడు పడలేదు. డబ్బు మాకొచ్చేస్తుందనుకున్నాడు.