హెచ్‌ఐవీ పనికి డబ్బు: విదేశీ సాయమా, సర్కారు నిధులా?

తిరుపతి రుయా ఆసుపత్రిలో ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే) మందులు తీసుకునేవాళ్లకు డబ్బు ఎవరిదైనా ఒకటే. మాత్రలు అందుతాయా లేదా అన్నదే టెన్షన్. పని నడిపేవాళ్లకు మాత్రం తేడా పెద్దదే.

విదేశీ సాయం బలం వేగం. గేట్స్ ఫౌండేషన్ 2003లో మొదలుపెట్టిన ఆవాహన్ అనే హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమం ఆరు రాష్ట్రాల్లో పనిచేసింది, మన ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. సెక్స్ వర్కర్లలోంచే పీర్ ఎడ్యుకేటర్లను (తోటివాళ్లకు నేర్పేవాళ్లను) తయారుచేసి కండోమ్‌లు, సుఖవ్యాధుల చికిత్స వాళ్ల దగ్గరికే చేర్చింది. లారీ డ్రైవర్లనూ వదల్లేదు. చెన్నై-బెంగళూరు దారిలో ఉన్న చిత్తూరుకి అదెంత అవసరమో చెప్పక్కర్లేదు. కానీ దాత మనసు మారితే అంతే సంగతులు. 2025 జనవరిలో అమెరికా సాయం ఆపేసరికి ఆఫ్రికాలో చాలా హెచ్‌ఐవీ క్లినిక్‌లు మూతపడ్డాయి.

సర్కారు డబ్బు నెమ్మది, ఫైలు కదలాలి కదా! అయినా ఉచిత ఏఆర్‌టీ 2004 నుంచి నడుస్తోంది. 2021-26 జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమానికి కేంద్రం రూ.15,471.94 కోట్లు కేటాయించింది. మందులు వాడేవాళ్లకు రాష్ట్రం నెలకు రూ.4,000 పింఛను ఇస్తోంది.

మాత్ర జీవితాంతం వేసుకోవాలి కాబట్టి మందులు, పింఛను సర్కారు చేతిలోనే ఉండాలంటాను. కొత్త పద్ధతులు ప్రయత్నించి చూడటానికైతే విదేశీ డబ్బే మేలు.