బరువు పెట్టె బాగుంది, దాని నాలుగు చెవులు ఇంకా బాగున్నాయి

ట్రాక్టరు వెనుక తగిలించే కాంక్రీటు బరువు పెట్టెను చూసిన వాళ్లంతా ముందు బరువెంత అంటారు, తరువాత ఖర్చెంత అంటారు. దాన్ని ఎక్కడ పట్టుకుని లేపాలని ఇంతవరకు ఎవరూ అడగలేదు. నేను రాయాలనుకున్నది దాని గురించే. 2022 వేసవిలో, కాలువలు కట్టేసిన రోజుల్లో, రాజోలు దగ్గర మా ఊళ్లో చేయించిన పెట్టె ఇది. అప్పటి నుంచి మా 50 హెచ్‌పీ బండికి ముందు లోడరు (మట్టి ఎత్తే బకెట్టు) ఉన్నప్పుడల్లా వెనుక ఇదే ఉంటోంది.

లోడరుతో పనిచేసేవాళ్లకు ఇది ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. ఒక్క మాట మాత్రం చెబుతాను. వెనుక టైర్లలో నీళ్లు నింపినా, చక్రాలకు ఇనుప దిమ్మలు బిగించినా పట్టు పెరుగుతుంది కానీ ముందు ఇరుసు మీద భారం తగ్గదు. వెనుక ఇరుసుకు అవతల వేలాడే బరువు మాత్రమే ముందు భారాన్ని తగ్గిస్తుంది. మన ట్రాక్టర్లలో చాలావాటికి బ్రేకులు వెనుక చక్రాలకే ఉంటాయి. బకెట్టు నిండా మట్టితో చెరువు గట్టు దిగేటప్పుడు వెనుక తేలిపోతే బ్రేకు తొక్కినా ఫలితం ఉండదు. పెట్టె వచ్చాక ఆ భయం పోయింది.

పెట్టె 80 సెంటీమీటర్ల వెడల్పు, 60 లోతు, 60 ఎత్తు. 5 మిల్లీమీటర్ల రేకు. ఘనమీటరు కాంక్రీటు దాదాపు 2,400 కిలోలు తూగుతుంది కాబట్టి లోపలిది 690 కిలోలు, మూత కాక రేకు 85. పట్టీలు, పిన్నులు కలిపితే ఎనిమిది వందలు దాటుతుంది. గోదావరి ఇసుక, 20 మిల్లీమీటర్ల కంకర, రెండున్నర బస్తాల లోపు సిమెంటు. సముద్రపు ఒడ్డు ఇసుక మాత్రం వద్దు, ఉప్పు లోపలి నుంచే ఇనుమును తినేస్తుంది. పైమూత కాస్త వాలుగా ఉంటే వాననీరు నిలవదు.

ఇక చెవుల సంగతి, అంటే పెట్టెను లేపడానికి గొలుసు తగిలించే చోట్లు. వెల్డింగు షాపు మేస్త్రి మిగిలిన టీఎంటీ ఊచలను కొక్కేల్లా వంచి కాంక్రీటులో దించేస్తానన్నాడు. మా బావ చాలాకాలం రైస్ మిల్లులో ఫిట్టరుగా చేసిన మనిషి. ఆయన వెంటనే అడ్డుపడ్డాడు. "స్లాబులో పడుకోబెట్టే ఊచ అది. వంచిన చోట అది ఎప్పుడు విరుగుతుందో నువ్వు చెప్పగలవా?" అన్నాడు. మేస్త్రి మాట్లాడలేదు. బావ 75 మిల్లీమీటర్ల వెడల్పు, 12 మిల్లీమీటర్ల మందం ఉన్న రెండు పట్టీలు తెప్పించాడు. వాటిని పెట్టె అడుగు కిందుగా తిప్పి, రెండు పక్కల నుంచి పైకి తెచ్చి, మూతకు పైన కన్నాలు వేయించాడు. అంటే పెట్టె మొత్తం ఆ రెండు పట్టీల ఒడిలో కూర్చుంటుంది. వెల్డింగు ఊడినా పట్టీ తెగితే తప్ప పెట్టె కిందపడదు. గొలుసు ఏటవాలుగా లాగితే చెవి లోపలికి వంగుతుందని, ప్రతి చెవి మొదట్లో ముక్కోణపు బిళ్ల ఒకటి అతికించాడు. 2 టన్నుల డీ షాకిల్ (గొలుసును చెవికి తగిలించే డీ ఆకారపు కడియం) పిన్ను ఆ కన్నంలో ఇరుక్కోకుండా, వదులు లేకుండా దిగుతుంది. అంత చక్కగా కుదిరింది.

మొదటి ఏడాది నేను అందరికీ పొగిడి చెప్పింది చెవుల గురించి కాదు, కాళ్ల గురించి. నాలుగు మూలలా గొట్టాల్లోకి దూరే కాళ్లు పెట్టించాం. వాటి మీద నిలబెడితే ట్రాక్టరు వెనుక పనిముట్లు తగిలించే కింది లింకులకు సరిపడే ఎత్తులో ఉంటుంది. బండి వెనక్కి పోనిచ్చి, 28 మిల్లీమీటర్ల పిన్నులు రెండూ వేసి, టాప్ లింకు బిగిస్తే చాలు, రెండో మనిషి అక్కరలేదు. ఇప్పటికీ అది నిజమే, నేల గట్టిగా ఉన్నంతకాలం.

2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వచ్చింది. అది బాపట్ల దగ్గర తీరం దాటినా మా వైపు కురిసిన వాన కోసిన వరిని, కోయని వరిని ఒకేలా ముంచింది. పెట్టె గడ్డిమేటు పక్కన, బోదెకు దగ్గరగా కాళ్ల మీద ఉంది. వాన తగ్గాక వెళ్లి చూస్తే బోదె వైపు రెండు కాళ్లు మొదలంటా దిగిపోయాయి. పెట్టె ఆ పక్కకు ఒరిగి, ఒక పిన్ను బురదను తాకుతోంది. నాలుగు గొట్టాల అడుగులు కలిపినా 115 చదరపు సెంటీమీటర్లు రావు. అంటే చదరపు సెంటీమీటరుకు 7 కిలోల పైనే. తడిసిన ఒండ్రు బంక అంత బరువు ఎక్కడ మోస్తుంది?

చేపల చెరువు పనికి వచ్చిన పొక్లెయిన్ దగ్గరలోనే ఉంది. దాని డ్రైవరు పెట్టె నడుముకు గొలుసు చుట్టి లేపేద్దాం అన్నాడు. నున్నటి రేకు, బురద పట్టిన గొలుసు, పైగా ఒరిగిన పెట్టె. గొలుసు జారితే ఎటు పడుతుందో ఎవరికీ తెలియదు. అప్పుడే ఆ నాలుగు చెవుల విలువ నాకు తెలిసింది. బావ మిల్లు నుంచి నాలుగు కాళ్ల గొలుసు (ఒకే కొస నుంచి నాలుగు పాయలు) తెచ్చి, ఒక్కో చెవికి షాకిల్ వేశాడు. గొలుసు కాళ్లను పొడుగ్గా ఉంచాడు. నాలుగున్నా భారం రెండింటి మీదే పడుతుందని లెక్క వేసుకోవాలట. నేలతో 60 డిగ్రీల వాలు ఉంటే ఆ రెండింటిలో ఒక్కోదాని మీద 460 కిలోల పైచిలుకు. గొలుసును పొట్టిచేసి 30 డిగ్రీలకు దించితే ఒక్కోదాని మీదే ఎనిమిది వందలు. పై కొసను బకెట్టు పళ్లకు తగిలించకుండా, బకెట్టు వెనుక దూలానికి ఉన్న లిఫ్టింగ్ రింగుకు వేయించాడు.

బంక మన్ను పెట్టెను, కాళ్లను చప్పరించి పట్టుకుంటుంది. ఒక్కసారి లాగితే అసలు బరువుకు ఆ పట్టు తోడై గొలుసు మీద పడుతుంది. అందుకని ముందు చుట్టూ పారతో మట్టి తీసి, కాళ్ల పక్కన గాలి దూరేలా చేశాం. జానెడు లేపడం, ఆపడం, చెవుల మొదట్లో పగులు ఉందేమో కళ్లతో వెతకడం, మళ్లీ జానెడు. పెట్టెకు కట్టిన తాడు కొసను దూరంగా నిలబడి పట్టుకున్నాను. ఎవరూ దాని కిందికి, దానికి బండికి మధ్యకు వెళ్లలేదు. బురద చప్పుడుతో కాళ్లు వదిలాయి. కింద రెండు కొయ్య దుంగలు పెట్టాక మెల్లగా దించాం. ఒక కాలు వంగింది. చెవుల దగ్గర రంగు కూడా రాలలేదు.

తరువాత కాళ్ల అడుగున 30 సెంటీమీటర్ల చదరపు బిళ్లలు అతికించాం. ఇప్పుడు చదరపు సెంటీమీటరుకు పావు కిలో లోపే పడుతుంది. అయినా వానాకాలంలో కొయ్య దుంగల మీదే దించుతున్నాను. కాళ్ల మీద ఎంత మోజు ఉన్నా, మా నేలకు అవి పూర్తిగా సరిపోవని ఒప్పుకోవాలి.

పట్టీలకూ ఒక లోపం ఉంది. అడుగున పట్టీకి రేకుకు మధ్య బురద చేరి తుప్పు పుడుతోంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఏటా కడిగి రంగు వేయాల్సిందే. కొబ్బరి తోటలో మలుపు తిరిగేటప్పుడు వెనుక పొడుగు అడ్డమవుతుంది. కేజీ వీల్స్ (బురదలో నడిచే ఇనుప చక్రాలు) వేసి దమ్ము చేసే రోజుల్లో దీని జోలికే వెళ్లను. లోడరు తీసేస్తే పెట్టె కూడా తీసేయాలి, లేకపోతే గట్టు ఎక్కేటప్పుడు ముందు తేలి స్టీరింగు మాట వినదు.

మా బండి హైడ్రాలిక్‌ లింకుల కొసన 1,800 కిలోలు లేపుతుంది కాబట్టి ఈ బరువు సరిపోయింది. 35 హెచ్‌పీ బండి ఉన్నవాళ్లు ఇంత పెద్దది పోయించవద్దు. ఎంత చిన్నది చేయించినా అడుగు చుట్టి వచ్చే పట్టీలు మాత్రం అడగండి. మేస్త్రి ఊచలు వంచుతానంటే కాంక్రీటు కలపకముందే ఆపండి, పోశాక వాటిని మార్చడానికి దారి లేదు.