సైకిల్ యాత్రలో ‘మధ్యస్థం’ అంటే ఎంత? మున్నార్, అలప్పుళ, లేహ్ అనుభవాలు

ముందు గైడు, వెనక సామాను బండి ఉండే సైకిల్ యాత్రలు నేను ఇప్పటికి మూడు చేశాను. మొదటిది కొచ్చి నుంచి మున్నార్ మీదుగా తేక్కడికి, రెండోది అలప్పుళ పరిసరాల్లో, మూడోది మనాలి నుంచి లేహ్‌కు. మూడింటిలో నాకు తక్కువ ఆనందం మిగిల్చింది మున్నార్ యాత్రే. దోషం ఆ దారిది కాదు, అంత అందమైన కొండదారులు దక్షిణాదిలో అరుదు. నా శక్తికి తగిన యాత్ర ఏదో తేల్చుకోవడానికి నేను పట్టుకున్న కొలతే తప్పు.

అప్పటికి నేను హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీద వారానికి మూడు రోజులు తొక్కుతున్నాను. ఆదివారాల్లో 80 కిలోమీటర్లు పూర్తి చేసుకుని ఇంటికి వచ్చి, మధ్యాహ్నం మామూలుగా పనులు చేసుకోగలిగేవాణ్ణి. నిర్వాహకులు పంపిన కరపత్రంలో ఆ యాత్ర స్థాయి ‘మధ్యస్థం’ అని, రోజుకు 60 నుంచి 80 కిలోమీటర్లు అని ఉంది. ఆ అంకె నా ఆదివారం అంకెతో సరిపోవడంతో మరో ఆలోచన లేకుండా డబ్బు కట్టేశాను. ఏ రోజు ఎంత ఎత్తు ఎక్కాలో అందులో రాయలేదు, నేనూ అడగలేదు.

కోతమంగళం నుంచి మున్నార్ సుమారు 80 కిలోమీటర్లు. పెరియార్ నది మీద 1935 నాటి నేరియమంగళం వంతెన దాటేదాకా కాళ్లకు పని చెప్పినట్టే ఉండదు. వంతెన దాటగానే అడవిలో ఎక్కుడు మొదలై, చీయప్పార, వాళర జలపాతాల పక్కగా అడిమాలి దాకా, అక్కడి నుంచి తేయాకు తోటల్లోకి సాగుతూనే ఉంటుంది. సముద్రమట్టానికి కాస్త పైనున్న చోటు నుంచి దాదాపు 1,500 మీటర్ల ఎత్తుకు ఒక్క పగటిలో చేరాలి. మైదానంలో నాలుగు గంటల్లో ముగిసే దూరానికి ఆ రోజు నాకు ఏడున్నర గంటలు పట్టింది.

నా శక్తి తక్కువ కావడం ఒక కారణమైతే, ఇచ్చిన సైకిల్ రెండో కారణం. దాని పెడల్ దగ్గరి పళ్లచక్రాల్లో (చైన్‌రింగ్) చిన్నదానికి 34 పళ్లు, వెనుక చక్రం దగ్గరి పళ్లచక్రాల గుత్తిలో (క్యాసెట్) పెద్దదానికి 28 పళ్లు ఉన్నాయని అడిమాలి టీకొట్టు దగ్గర ఆగినప్పుడు వేలితో లెక్కపెట్టి చూశాను. అంటే అన్నిటికంటే తేలిక గేరులో కూడా పెడల్ ఒక్క చుట్టు తిరిగితే వెనుక చక్రం చుట్టుకు పైగా తిరుగుతుంది. గంటకు ఆరు కిలోమీటర్ల వేగంతో ఎక్కేవాడు ఆ గేరులో నిమిషానికి 40 సార్లు మాత్రమే తొక్కగలడు, ప్రతి తొక్కుడూ మెట్టెక్కినట్టు మోకాలి మీద పడుతుంది. తొమ్మిది మందికి ఒక్కడే గైడు, అతను ముందున్న వాళ్లతో వెళ్లిపోయాడు. సామాను బండి అప్పటికే హోటల్‌కు చేరింది. చివరన ఉన్న నాకు తోడు ఆ టీకొట్టు పెద్దాయనే. ‘చేట్టా’ (అన్నా) అని పిలవగానే వచ్చి, నేను అడగకముందే నిమ్మరసంలో ఉప్పు కలిపి గ్లాసు చేతికిచ్చారు.

ఆ రాత్రి బస తేయాకు తోట మధ్య పాత బంగ్లాలో. పరుపు, వేడినీళ్లు, భోజనం దేనికీ వంక పెట్టలేను. కానీ ఆ బంగ్లాకు పెట్టిన ఖర్చులో సగం పెట్టి మామూలు గదులిచ్చి, మిగతా సగంతో రెండో గైడును, కొండకు తగిన గేర్లున్న సైకిళ్లను ఇచ్చి ఉంటే యాత్ర మరోలా ఉండేదని నా గట్టి అభిప్రాయం. మర్నాడు మున్నార్ నుంచి తేక్కడి దాదాపు 90 కిలోమీటర్లు. దేవికుళం దాటకముందే తొడలు బిగుసుకుపోయి, ఎదురుచూసిన గ్యాప్ రోడ్డు మలుపులన్నీ బండి కిటికీలోంచి చూడవలసి వచ్చింది. ఆదివారం 80 కిలోమీటర్లు తొక్కి సోమవారం విశ్రాంతి తీసుకునేవాడికి వరుసగా రెండో రోజు ఎలా ఉంటుందో తెలిసే అవకాశమే లేదు.

అలప్పుళకు మా ఆవిడతో వెళ్లాను. తను కాలేజీ రోజుల తర్వాత సైకిల్ ముట్టలేదు. రోజుకు 30 కిలోమీటర్లు, ‘సులభం’ అన్నారు, మాట నిలబెట్టుకున్నారు. సముద్రమట్టం కంటే దిగువన వరి పండే కుట్టనాడులో ఎక్కుడనేదే లేదు. అక్కడ పరీక్షించేది ఉక్కపోత, కాలువ గట్ల ఇరుకుదనం. తిన్నగా నడపడం వచ్చి ఉంటే చాలు. బయలుదేరే ముందు గైడు ప్రతి ఒక్కరినీ సీటు మీద కూర్చోబెట్టి ఎత్తు సరిచేయడం నాకు బాగా నచ్చింది. బస చేసిన ఇంటివారు వండిన కరిమీన్ చేప కూర కోసమైనా మళ్లీ వెళ్తాం.

లేహ్ యాత్రకు మాత్రం ఏడాది ముందే సిద్ధమయ్యాను. వికారాబాద్ అనంతగిరి గుట్టల్లో మొదలుపెట్టి, శ్రీశైలం దారిలో దోమలపెంట నుంచి కృష్ణ ఒడ్డుకు దిగి, ఎదురుగా సున్నిపెంటకు ఎక్కి, మర్నాడు వెనక్కి అదే దారి పట్టేవాణ్ణి. అలా వరుసగా మూడు రోజులు చేశాక నా అసలు కొలత తెలిసింది. గంటకు సుమారు 400 మీటర్ల ఎత్తు ఎక్కగలను, రోజుకు 1,200 మీటర్ల దాకా అయితే మర్నాడు కాళ్లు సహకరిస్తాయి. ఆ అంకె చేతిలో పెట్టుకుని ఇద్దరు నిర్వాహకులకు ఒకే రకం ప్రశ్నలు పంపాను. ఏ రోజు ఎన్ని మీటర్లు ఎక్కాలి, ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకోవాలి, సైకిల్‌కు ఎన్ని పళ్లు, చివరివాడి వెనుక ఎవరుంటారు?

ఒకరు ‘మీలాంటివాళ్లు చాలామంది చేశారండీ, భయపడకండి’ అని జవాబిచ్చారు. రెండోవారు రోజువారీ పట్టిక పంపారు. ఇద్దరి ప్రణాళికల తేడా ప్రాణానికి సంబంధించినది. మొదటివారి ప్రణాళికలో 3,200 మీటర్ల జిస్పాలో నిద్ర లేచి, 4,890 మీటర్ల బారాలాచా కనుమ దాటి, అదే రాత్రి దాదాపు 4,300 మీటర్ల సర్చులో పడుకోవాలి. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రాత్రికి 500 మీటర్లకు మించి పెంచకూడదన్నది పర్వత వైద్యులు చెప్పే సాధారణ సూత్రం. రెండోవారు ఆ సూత్రానికి దగ్గరగా ఉండేలా మధ్యలో సుమారు 3,800 మీటర్ల పట్సియోలో ఒక రాత్రి గుడారాలు వేశారు. వారి రుసుము మూడో వంతు ఎక్కువ, అయినా వారితోనే వెళ్లాను.

2020లో అటల్ సొరంగం తెరిచాక లారీలు చాలావరకు అటు మళ్లడంతో 3,978 మీటర్ల రోహ్‌తాంగ్ ఎక్కుడు ప్రశాంతంగా సాగింది. ముందు 22, వెనుక 34 పళ్లున్న సైకిల్ మీద అదే ఆరు కిలోమీటర్ల వేగంలో నిమిషానికి 70కి పైగా తేలికగా తొక్కగలిగాను, మోకాలు ఒక్కసారి కూడా నొప్పి అనలేదు. ప్రతి సాయంత్రం గైడు అందరి వేళ్లకూ రక్తంలో ఆక్సిజన్ కొలిచే ఆక్సిమీటర్ తగిలించి అంకెలు పుస్తకంలో రాసుకునేవాడు. సర్చులో గుడారం చలికి నిద్ర సరిగా పట్టలేదు, మరుగుదొడ్లు శుభ్రంగా లేవు. అయినా మాలో ఒకామెకు తలనొప్పి మొదలైన అరగంటలో గైడు బండి సిద్ధం చేసి, అవసరమైతే కిందికి దింపడానికి డ్రైవరును మేల్కొల్పి ఉంచాడు. ఆమెకు తెల్లవారేసరికి తగ్గింది. మర్నాడు గాటా లూప్స్‌లోని 21 మలుపులూ బండిలోనే వచ్చి, పాంగ్ తర్వాత మోరే మైదానంలో మళ్లీ సైకిల్ ఎక్కింది.

5,328 మీటర్ల తంగ్‌లాంగ్ కనుమ దగ్గర గాలి పీడనం సముద్రతీరంలో ఉండే దానిలో దాదాపు సగం. నా 400 మీటర్ల లెక్క అక్కడ 250కి పడిపోయింది. నిర్వాహకులు పట్టికలో ఆ రోజుకు మాత్రం తక్కువ ఎత్తు పెట్టింది ఇందుకేనని ఎక్కుతున్నప్పుడు అర్థమైంది. చివరి మూడు కిలోమీటర్లు గైడు సహాయకుడు నా వెనుకే, ఒక్క మాట మాట్లాడకుండా, నా వేగంతోనే తొక్కుతూ వచ్చాడు. ఆ సాయంత్రం రుమ్‌త్సేలో ఒక ఇంటి వంటగదిలో పొయ్యి చుట్టూ కూర్చుని తుక్పా అనే నూడుల్స్ సూపు తాగుతుండగా, పుస్తకంలో నా పేరు ఎదురుగా ఆ పూట అంకె రాసుకుని, రేపు లేహ్ దాకా చాలావరకు దిగుడేనని చెప్పాడు గైడు.