జుగ్‌స్పిట్జె ఎక్కండి గానీ కింద ఊళ్ళో గది మాత్రం తీసుకోకండి

సెలవులకి గుంటూరు వచ్చిన దగ్గర్నుంచి, ఈసారి వింటర్ సెమిస్టర్‌కి జర్మనీ పోతున్న పిల్లలు కనపడినప్పుడల్లా ఒకటే అడుగుతున్నారు, అన్నా మ్యూనిక్ నుంచి వీకెండ్‌కి ఎక్కడికి పోవచ్చు, ఎంతవుద్ది అని. ఒక్కొక్కడికీ చెప్పలేక ఇక్కడ రాసేస్తున్నా. జుగ్‌స్పిట్జె కొండ, 2962 మీటర్లు, జర్మనీ మొత్తంలో అదే ఎత్తు. కొండకి పదికి పది. కింద గార్మిష్‌లో మేం ఒక రాత్రి పడుకున్న గదికి మాత్రం సున్నా కూడా ఎక్కువే.

వెళ్ళింది నలుగురం, 2023 జులైలో. నాది బ్రాడీపేట, ఒకడిది విజయవాడ పటమట, ఒకడిది నరసరావుపేట, ఒకమ్మాయిది తెనాలి. పటమటోడు రైలెక్కిన దగ్గర్నుంచి ఒకటే కోత, ఏటా దసరాకి ఇంద్రకీలాద్రి మెట్ల దారిలోనే ఎక్కేవాణ్ణి, నాకు కొండలేమన్నా కొత్తా అని. నరసరావుపేటోడు మాట్లాడడు, లెక్కలు రాస్తాడు. పైసా ఖర్చయితే చాలు స్ప్లిట్‌వైజ్‌లో, అంటే ఖర్చులు పంచుకునే యాప్‌లో, పడిపోద్ది. వాడి పుణ్యాన ఈ లెక్కలన్నీ ఇప్పుడు కరెక్టుగా చెప్పగలుగుతున్నా.

శనివారం పొద్దున్నే కొండ మొదలుపెట్టొచ్చని శుక్రవారం సాయంత్రమే బయల్దేరాం. మ్యూనిక్ నుంచి గార్మిష్‌కి లోకల్ రైల్లో గంటన్నర లోపే. మధ్యలో ఏదో సిగ్నల్ సమస్య అని నలభై నిమిషాలు ఆపేశారు. యాప్‌లో బుక్ చేసిన గది నలుగురికీ కలిపి 96 యూరోలు, ముందే కట్టేశాం, తలకి 24, పర్లేదనుకున్నాం. వెళ్ళేసరికి రాత్రి తొమ్మిదిన్నర. తలుపు మీద లామినేషన్ చేసిన కాగితం, రిసెప్షన్ ఎనిమిదింటికి క్లోజ్ అని. ఫోన్ చేస్తే ఓనరు పక్కింట్లోంచే వచ్చాడు, చెప్పులేసుకుని, నాలుగడుగుల దూరం. ఆ నాలుగడుగులకీ లేట్ చార్జి 25 యూరోలు.

అక్కడితో అయిపోతే ఇంత రాసేవాణ్ణి కాదు. లోపలికెళ్ళాక ఇంకో లామినేషన్ కాగితం తీశాడు. దుప్పటీ, దిండు గలీబు తలకి 9, మొత్తం 36. ఖాళీ చేశాక క్లీనింగ్‌కి 40. మా దుప్పట్లు మేం తెచ్చుకున్నామంటే కుదరదన్నాడు. కార్డు తీసుకోడు, క్యాషే కావాలి, అదీ ఇప్పుడే. నేనూ నరసరావుపేటోడూ ఆ చలిలో పావుగంట నడిచి ఏటీఎంకి పోతే ఆ మిషన్ మా దగ్గర ఇంకో 5 యూరోలు పీక్కుంది. గది 96 అయితే గది మీద వడ్డింపు 101! మంగళగిరి పానకాల స్వామి సగం తాగి సగం మనకి తిరిగిస్తాడు, ఈయన మొత్తం తాగి బిందె కూడా ఉంచేసుకునే రకం. టూరిస్టు పన్ను వేరే ఉంటుంది, అది మాత్రం మోసం కాదు, ఊరు వేసేదే, చిల్లర డబ్బులు, దానికి గెస్ట్ కార్డు ఇస్తారు, లోకల్ బస్సుల్లో పనికొస్తుంది. ఆ కార్డు కూడా అడిగితే గానీ ఇవ్వలేదు మహానుభావుడు.

గదిలో గోడకి మూడో కాగితం. వంట వాసన వస్తే 50 యూరోల జరిమానా. తెనాలి అమ్మాయి ఇంట్లో చేసి తెచ్చిన పులిహోర డబ్బా మూత తీయగానే ఇంగువ, పోపు వాసన గుప్పుమంది, వెంటనే పటమటోడు కిటికీ బార్లా తెరిచాడు. వేసంకాలమే అయినా రాత్రి అక్కడ చలి చంపేస్తుంది. జాకెట్లు వేసుకుని కిటికీ దగ్గర నిలబడి చల్లారిపోయిన పులిహోర తిన్నాం. పల్లీలు మెత్తబడిపోయాయి. అమ్మాయి అలిగి, నేను చేసింది తినడానికి ఇంత భయపడాలా అని సగం తినకుండానే పడుకుంది. 9 యూరోల దుప్పటి తీసి చూస్తే అంచున సిగరెట్ కాలిన చిల్లు.

తర్వాత మ్యూనిక్‌లో యూనివర్సిటీ వాళ్ళ ఫ్రీ లీగల్ సలహాకి వెళ్ళినప్పుడు తెలిసింది ఏంటంటే, తప్పించుకోలేని క్లీనింగ్ చార్జీ లాంటివి ముందు చూపించే రేట్లోనే కలిపి చూపించాలంట, అది అక్కడి చట్టం. ఇది గుర్తుపెట్టుకోండి, అక్కడికక్కడే అడగండి, కట్టక తప్పకపోతే రసీదు అడగండి. రసీదు అనగానే చాలామంది గొంతు మారుద్ది.

ఇక కొండ. 1936 వింటర్ ఒలింపిక్స్‌కి కట్టిన స్కీ స్టేడియం దగ్గర్నుంచి రైన్‌టాల్ లోయ దారి పట్టుకోవాలి. శిఖరం దాకా దాదాపు 21 కిలోమీటర్లు, ఎక్కాల్సిన ఎత్తు 2200 మీటర్ల దాకా. కొత్తవాళ్ళకి ఉన్న దారుల్లో ఇదే తేలిక, కానీ పొడవు. మొదట్లో పార్ట్‌నాక్ క్లామ్ అని ఇరుకు లోయ, టికెట్ ఉంటుంది, రెండు వైపులా నిట్టనిలువు రాయి, రాయిలోనే తొలిచిన దారి, కింద నీళ్ళ హోరుకి పక్కనోడి మాట వినపడదు. పైనుంచి నీళ్ళు కారుతుంటాయి, ఫోన్ జేబులో పెట్టుకోండి. తర్వాతంతా అడవి, ఏరు, కంకర రోడ్డు. బోర్డుల మీద కిలోమీటర్లు కాదు గంటలు రాస్తారు, ఆ గంటలు వాళ్ళ కాళ్ళకి, మన కాళ్ళకి ఓ మూడో వంతు కలుపుకోవాలి.

శనివారం రాత్రి పడుకున్నది రైన్‌టాల్ ఆంగర్ హట్‌లో, కొండెక్కేవాళ్ళు రాత్రి ఆగే బస అది, 1369 మీటర్ల ఎత్తున, ఏటి ఒడ్డునే. కొండలెక్కేవాళ్ళ సంఘం జర్మన్ ఆల్పైన్ క్లబ్ వాళ్ళది. బయట టిబెట్ జెండాలు కట్టి ఉంటాయి. గుమ్మంలోనే బూట్లు విప్పాలి, పైన ఒకే వరసలో పరుపులు, పక్కన ఎవరు పడుకుంటారో మన చేతిలో లేదు, నా పక్కన ఒక పెద్దాయన, డెబ్భై దాటి ఉంటాయి, పొద్దున మాకంటే ముందు లేచి వెళ్ళిపోయాడు. దుప్పట్లు వాళ్ళవే, వాటికి పైసా లేదు, కాకపోతే లోపల వేసుకునే పల్చటి గుడ్డ సంచి మనం తీసుకెళ్ళాలి, అది లేకపోతే ఒప్పుకోరు. రాత్రి పదింటికి నిశ్శబ్దం. ఇక్కడా క్యాష్ ఉంచుకోవాలి, కానీ ఏది ఎంతో గోడ మీద ముందే రాసుంది, రాసినంతే తీసుకున్నారు. పడక, రాత్రికి పప్పు సూపు, పొద్దున బ్రెడ్డు, చీజు, కాఫీ అన్నీ కలిపి క్లబ్ మెంబరైన నరసరావుపేటోడికి నలభై దాటలేదు. మెంబర్ కాని మాకు పడకకే పది యూరోలకి పైన తేడా పడింది, అప్పుడు చూడాలి వాడి మొహంలో వెలుగు.

ఆ సూపు గురించి చెప్పాలి. తెనాలి అమ్మాయి మాంసం తినదు, అక్కడ పప్పు సూపులో సాసేజ్ వేసేస్తారు, అడిగితే లేకుండా ఇచ్చారు. మసూర్ లాంటి గోధుమరంగు పప్పు, క్యారెట్, కొంచెం వెనిగర్ పులుపు. ఆ అమ్మాయి బ్యాగులోంచి గుంటూరు కారప్పొడి పొట్లం తీసి అరచెంచా కలిపింది. వడ్డించే ఆవిడ వాసన చూసి తనకీ కొంచెం కావాలని గిన్నె పట్టుకొచ్చింది, తిని కళ్ళనీళ్ళు తుడుచుకుంటూనే ఇంకో చెంచా తింది, తర్వాత మా టేబుల్‌కి వేడినీళ్ళ జగ్గు డబ్బులు తీసుకోకుండా పెట్టి వెళ్ళింది. ముందురోజు రాత్రి అదే వాసనకి 50 జరిమానా! అమ్మాయి అలక అక్కడ తీరింది.

ఆదివారం ఇంకో 1600 మీటర్లు ఎక్కాలి, అసలు కష్టం అదే. 2050 మీటర్ల దగ్గర క్నోర్ హట్ వచ్చేసరికి పటమటోడు దుర్గమ్మ మాట ఎత్తడం మానేశాడు. దాని పైన మంచు ముక్కలు, గులకరాళ్ళు, రెండడుగులేస్తే ఒకడుగు కిందికి జారుద్ది. వాడు శిఖరం కిందుండే ప్లాట్ అనే రాతి మైదానం దగ్గర కేబుల్ కారెక్కేశాడు, మేం ముగ్గురం ఇనుప తాళ్ళు పట్టుకుని పైకి పోతే వాడు శిఖరం మీద టెర్రస్‌లో ఫ్రెంచ్ ఫ్రైస్ తింటూ చెయ్యి ఊపుతున్నాడు. అందరికంటే ముందు ఎక్కింది తెనాలి అమ్మాయే. శిఖరం మీద మాత్రం తిరునాళ్ళే, కింద నుంచి పది నిమిషాల్లో లిఫ్టులో వచ్చినోళ్ళు, చెప్పులతో, ఐస్‌క్రీములతో. బంగారు రంగు శిలువ దాకా పోవడానికి క్యూ.

దిగడానికి కేబుల్ కారో 1930 నాటి పళ్ళ చక్రాల రైలో, రెండిట్లో ఏదైనా తలకి ముప్పై యూరోలు దాటుద్ది, దేశమంతా లోకల్ రైళ్ళకి, బస్సులకి పనికొచ్చే నెల టికెట్టు డాయిష్‌లాండ్ టికెట్ ఇక్కడ చెల్లదు, సాయంత్రం నాలుగున్నర, అయిదు లోపే ఆఖరిది. మధ్యాహ్నం పిడుగులు పడతాయి కాబట్టి హట్ నుంచి ఆరింటికే కదలండి. మ్యూనిక్ రైలుకి మాత్రం ఆ నెల టికెట్టే చాలు, అప్పట్లో 49 యూరోలు, 2025 నుంచి 58, తర్వాత ఇంకా పెంచారు. మేం ఆ దిక్కుమాలిన గదికి తలకి పెట్టింది కూడా సరిగ్గా 49 పైచిలుకే. అందుకే శనివారం తెల్లవారుజాము రైలెక్కండి, రాత్రి హట్‌లో పడుకోండి, పరుపు నెలల ముందే ఆన్‌లైన్‌లో పట్టుకోండి. ఆల్పైన్ క్లబ్ మెంబర్‌షిప్ కూడా తీసుకోండి, 25 ఏళ్ళ లోపు వాళ్ళకి తక్కువ, కొండమీద ఏదన్నా అయితే హెలికాప్టర్ ఖర్చుకి ఇన్సూరెన్స్ దాంట్లోనే ఉంటుంది.

గది యాప్ వాళ్ళకి మెయిల్ మీద మెయిల్ పెడితే చివరికి 15 యూరోల కూపన్ పంపారు, 100 పైన బుక్ చేస్తేనే పనిచేస్తుందంట. నరసరావుపేటోడు దాన్ని కూడా నాలుగు భాగాలు చేసి, తలకి 3.75 అని స్ప్లిట్‌వైజ్‌లో ఎక్కించాడు.