ఏజెంట్‌కు డేటా తెచ్చిపెట్టే టూల్: 14 నెలల వాడకం తర్వాత

ఏఐ ఏజెంట్లకు, అంటే టూల్స్ వాడుకుంటూ తమంతట తామే పనులు చేసే ఏఐ ప్రోగ్రాములకు, డేటా తెచ్చిపెట్టే టూల్ ఒకదాన్ని మా బృందం 14 నెలలుగా వాడుతోంది. పేరు చెప్పను. ఏజెంట్ ప్రశ్న పంపితే అది డేటాబేస్‌లోనూ పత్రాల నిల్వలోనూ వెతికి, దొరికిన ముక్కలను చేతికిస్తుంది. ఏఐ కంపెనీ ఆంత్రోపిక్ 2024 నవంబరులో ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ (ఏఐని బయటి టూల్స్‌తో కలిపే ఉమ్మడి పద్ధతి) ప్రకారం నడుస్తుంది కాబట్టి మా ఏజెంట్‌తో కలపడానికి ఒక్క పూట చాలింది. వేగానికి వంక పెట్టను. నా పేచీ అంతా దాని డాక్యుమెంటేషన్‌తోనే.

రెండో నెలలో, పరిష్కారం కాని ఫిర్యాదులు ఎన్ని ఉన్నాయని ఏజెంట్‌ను అడిగాం. 20 అని చెప్పింది. మర్నాడు అడిగినా 20. వారం తర్వాత కూడా 20 అనేసరికి అనుమానం వచ్చి నేనే డేటాబేస్‌లో లెక్కపెట్టాను. మూడు వందలు దాటాయి! టూల్ ఒక విడతకు 20 రికార్డులే ఇస్తుందట. మిగతావి కావాలంటే జవాబు చివర వచ్చే కర్సర్‌ను (తర్వాతి విడత ఎక్కడ మొదలవ్వాలో చెప్పే గుర్తును) తిరిగి పంపాలట. ఈ సంగతి మాన్యువల్‌లో లేకపోలేదు, ఎక్కడో లోపలి పేజీలో ఉంది. ఏజెంట్‌ను నడిపే ఏఐ మోడల్ ముందుకు వెళ్లే వివరణలో మాత్రం ఒకటే వాక్యం: ‘రికార్డులను వెతుకుతుంది.’

తిరకాసంతా ఇక్కడే. మనమైతే మాన్యువల్ తిరగేస్తాం, అర్థం కాకపోతే పక్కవారిని అడుగుతాం. మోడల్‌కు అందేది టూల్ పేరు, దాని వివరణ, పారామీటర్ల స్కీమా (ఏయే వివరాలు ఏ రూపంలో పంపాలో చెప్పే పట్టిక). వీటిలో లేని విషయం దాని దృష్టిలో లోకంలోనే లేదు. మాన్యువల్ ఎంత అందంగా రాసినా, వివరణలోని ఆ నాలుగు వాక్యాలు సరిగా లేకపోతే బూడిదలో పోసిన పన్నీరే.

వివరణను తిరగరాశాను. ‘ఒక విడతకు 20 రికార్డులు ఇస్తుంది. జవాబులో కర్సర్ ఉంటే ఇంకా మిగిలి ఉన్నాయని అర్థం. మొత్తం సంఖ్య కోసం దీన్ని వాడకూడదు, లెక్కింపు టూల్ వాడాలి.’ కోడ్‌లో ఒక్క అక్షరం మార్చలేదు. ఆ సాయంత్రం నుంచే లెక్కలు కుదిరాయి. ఎప్పుడు వాడకూడదో చెప్పే వాక్యం విలువ అప్పుడు తెలిసింది. లెక్కింపు టూల్‌లాగే, పదాలను బట్టి వెతికే టూల్, అర్థాన్ని బట్టి వెతికే టూల్ కూడా ఇందులోనే ఉన్నాయి. పేర్లు మాత్రం కవలపిల్లలకు పెట్టినట్టుంటాయి. బిల్లు నంబరు ఇస్తే ఏజెంట్ వెళ్లి రెండోదాన్ని అడిగేది, అది పోలికలున్న వేరే బిల్లులు తెచ్చి ముందు పెట్టేది. ‘నంబర్లకు, కోడ్‌లకు ఇది పనికిరాదు’ అని చేర్చాక ఆ గొడవ చాలావరకు తగ్గింది.

నాకు నిజంగా కోపం తెప్పించింది తేదీల వ్యవహారం. టూల్‌కు 2025-03-07 లాంటి రూపమే కావాలి. ఇంకోలా ఇస్తే తప్పని చెప్పదు, ఖాళీ జాబితా ఇచ్చి ఊరుకుంటుంది. ఏజెంట్ దాన్ని నమ్మి ‘ఆ వారం లావాదేవీలేవీ జరగలేదు’ అని ధీమాగా నివేదిక రాసింది. అది పై అధికారి దాకా వెళ్లింది కూడా. ఆ తర్వాతి వెర్షన్‌లో ఎర్రర్ సందేశం పెట్టారు, తేదీ ఏ రూపంలో ఉండాలో అందులోనే ఉంటుంది. ఇప్పుడు మోడల్ ఆ సందేశం చదివి, తేదీ సరిచేసుకుని మళ్లీ అడుగుతోంది.

నా తప్పూ ఒకటుంది. ఉత్సాహం ఎక్కువై ప్రతి టూల్‌కూ పేజీడు వివరణ రాశాను. అవన్నీ ప్రతి సంభాషణలోనూ మోడల్ ముందుకు వెళ్తాయి, టోకెన్లు (మోడల్ చదివే మాటల ముక్కలు, ఖర్చు వీటి లెక్కనే) తింటాయి. ఖర్చు పెరిగింది, సరైన టూల్‌ను ఎంచుకోవడమూ మందగించింది. కోసి కోసి మళ్లీ నాలుగైదు వాక్యాలకు తెచ్చాను.

తెలుగు పత్రాలతో ఇంకో చిక్కు. ‘సాఫ్ట్‌వేర్’ అనే మాటలో పొల్లు విడిగా నిలవాలని కంటికి కనిపించని ఒక యూనికోడ్ అక్షరం వేస్తాం. కొన్ని పత్రాల్లో అది ఉంటుంది, కొన్నిట్లో ఉండదు. టూల్ లెక్కలో అవి రెండు వేర్వేరు మాటలు. ఈ ముక్క మాన్యువల్‌లో ఇప్పటికీ లేదు. పత్రాలు ఎక్కించే ముందే ఆ అక్షరాన్ని తీసేస్తున్నాం, వెతికే మాటలోనూ తీసేస్తున్నాం.

మెచ్చుకోవలసినవీ ఉన్నాయి. తెచ్చిన ప్రతి ముక్కతో పాటు అది ఏ పత్రంలోదో, ఎప్పుడు మారిందో ఇస్తుంది. అందుకే ఏజెంట్ చెప్పిన మాటను నిమిషంలో సరిచూసుకోగలుగుతున్నాం. ఏ పిలుపుకు ఏ జవాబు వెళ్లిందో లాగ్‌లో పూసగుచ్చినట్టు ఉంటుంది. తేదీల తప్పు దొరికింది అక్కడే.

ఇంకా వాడుతున్నాం. కొత్త వెర్షన్ రాగానే, జవాబులు ముందే తెలిసిన 30 ప్రశ్నలు ఏజెంట్‌కు వేసి చూస్తాను. పోయిన నెల వచ్చిన వెర్షన్‌కు ఆరు తప్పాయి. తెరిచి చూస్తే నేను రాసుకున్న వివరణలన్నీ చెరిగిపోయి, వాటి స్థానంలో మళ్లీ అదే వాక్యం: ‘రికార్డులను వెతుకుతుంది.’