ఏఎంలో మాట్లాడటానికి: పాత వాల్వు సెట్టా, కొత్త ట్రాన్సీవరా?

శ్రీకాకుళం, విజయనగరం వైపు కొత్తగా హ్యామ్ (సరదాగా నడిపే రేడియో) లైసెన్స్ తీసుకుని 40 మీటర్ల బ్యాండ్‌లో (7 మెగాహెర్ట్జ్ దగ్గర) ఏఎం, అంటే తరంగం బలాన్ని గొంతుకు తగ్గట్టు మార్చి పంపే పద్ధతిలో, మాట్లాడాలనుకునేవారికి వచ్చే సందేహం ఇది. వాల్వు సెట్టంటే గాజు వాల్వులతో నడిచే పాత ట్రాన్స్‌మిటర్. ట్రాన్సీవరంటే పంపడం, వినడం రెండూ ఒకే పెట్టెలో చేసే సెట్టు.

ఖర్చు: 807 రకం వాల్వుల సెట్టు పాత సామాన్లలో చవకగా దొరకొచ్చు. కానీ మాడ్యులేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (గొంతును తరంగంపై ఎక్కించేది) కాలిపోతే ఇంకొకటి వెతకడం పెద్ద పని. ట్రాన్సీవర్‌కు ముందే డబ్బు పోయాలి.

ట్యూనింగ్: అసలు తేడా ఇక్కడే. వాల్వు సెట్టును ముందు డమ్మీ లోడ్‌కు (ఏరియల్ బదులు పవర్‌ను వేడిగా మింగే రెసిస్టర్) కలిపి, ప్లేట్ (వాల్వు అవుట్‌పుట్) కెపాసిటర్ తిప్పుతూ ప్లేట్ కరెంటు బాగా తగ్గే చోట ఆపాలి. లోడింగ్ (బయటికి పోయే పవర్) కొద్దిగా పెంచి మళ్ళీ అదే చేయాలి. ఫ్రీక్వెన్సీ బాగా మారిస్తే మళ్ళీ మొదటికే. ట్రాన్సీవర్‌లో ఆ తిప్పలు లేవు గానీ, 100 వాట్ల సెట్టు కదా అని క్యారియర్ (మాట లేనప్పుడు కూడా పోయే తరంగం) 100కి పెట్టకూడదు. పూర్తి మాడ్యులేషన్‌లో పీక్ పవర్ క్యారియర్‌కు నాలుగింతలవుతుంది కాబట్టి 25 వాట్లే పెట్టాలి. కంప్రెసర్ (మెల్లని మాటను కూడా బలంగా వినిపించేలా చేసేది) ఆపేయాలి, మైక్ గెయిన్ తగ్గించాలి. లేదంటే పక్క స్టేషన్ల వాళ్ళు తిట్టుకుంటారు.

ప్రమాదం: వాల్వు సెట్టులో వందల వోల్టులుంటాయి. స్విచ్ ఆపినా కెపాసిటర్లలో చార్జ్ మిగులుతుంది. కళింగపట్నం లాంటి తీరంలో ఉప్పుగాలి తోడైతే తుప్పు, లీకేజీ.

కరెంటు: 2018లో తిత్లీ తుఫానుకు ఉద్దానం రోజుల తరబడి చీకట్లో ఉంది. అలాంటప్పుడు 12 వోల్టుల బ్యాటరీతో నడిచేది ట్రాన్సీవరే. అప్పుడు కూడా ఏఎం వదిలి ఎస్‌ఎస్‌బీకి (క్యారియర్ లేకుండా ఒక్క పక్క భాగమే పంపే పద్ధతి) మారితే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది.

చేతిపని సరదా, పక్కన తెలిసిన సీనియర్ ఉంటే వాల్వు సెట్టు. పిల్లలు తిరిగే ఇల్లయినా, ఒకే సెట్టు కొనగలిగినా ట్రాన్సీవరే.